ఇరవై వారాలు నిండాకే

ఆమె గొంతు వింటే ఏడ్చే పసివాడు ఊరుకుంటాడనీ, ఊరుకున్న మొగుడు నిద్రపోతాడనీ చెప్పుకునేవారు. శనివారం శనివారం ఆమె క్లాసుకి వచ్చే గర్భిణులు ఆమెకు నెమ్మది టీచర్ అని పేరు పెట్టారు. గంటన్నర క్లాసులో "నెమ్మదిగా" అనే మాట ఎన్నిసార్లు అంటుందో చూద్దామని ఒక కాబోయే తండ్రి వేళ్లు ముడిచి లెక్కపెట్టబోయి, అరవై దాటాక తనే గోడకి ఆనుకుని కునుకు తీశాడు. ఆమె అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ దాన్ని ఎవరూ చదవరు.

ఇంట్లో మాత్రం కథ వేరు. "ఊళ్లోవాళ్లకి వెన్న, నాకు కారం," అనేవాడు ఆమె భర్త. అతను స్కూలు బస్సు నడుపుతాడు. పొద్దున్నుంచీ పిల్లల అరుపుల మధ్య బతికి ఇంటికొచ్చి మళ్లీ అరుపులే వినాల్సి రావడం ఘోరమని అతని బాధ. అందరూ ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని మగవాళ్లని అంటారు గానీ, ఆ మాట తన పెళ్లాం కోసమే పుట్టిందని అతను ఆమె ముందే అనేవాడు. ధైర్యవంతుడే.

ఆమె నేర్పేది హిప్నోబర్తింగ్. ఆ పేరు విని, లోలకం ఊపి నిద్రపుచ్చుతారేమోనని కొందరు మగవాళ్లు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పకుండా నిలబడిపోతారు. అదేమీ లేదు. అందులో ఉన్నది ఊపిరి. నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఎనిమిది లెక్కపెట్టేంతసేపు బయటికి. దవడ వదులు చేసుకోవడం, భుజాలు దించడం, పక్కన కూర్చున్న మనిషి మెల్లగా చదువుతుంటే వింటూ ఒంట్లోని భయాన్ని ఒక్కో మెట్టు దింపుకోవడం. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే బాధ పెరుగుతుంది, బాధ పెరిగితే మళ్లీ భయం. ఈ ముడి విప్పడమే ఆ విద్య. "బుర్రకి ఒకసారి చెప్తే చాలు. ఒళ్లు మాత్రం మొద్దుది, దానికి వందసార్లు చెప్పాలి. పది వారాలు రోజూ చెప్పండి," అనేది.

ఆ గదిలో నొప్పి అనే మాట నిషిద్ధం. నొప్పులొచ్చాయి అనకూడదు, అలలొచ్చాయి అనాలి. "అయితే తలనొప్పిని తల అల అనాలా?" అని అడిగి ఆమె భర్త ఒక పూట కాఫీ పోగొట్టుకున్నాడు.

ఫిజియోథెరపీ క్లినిక్ పై అంతస్తులో, వీధివైపు రెండు కిటికీలున్న గది అది. ఏడు చాపలు, పద్నాలుగు దిండ్లు, మూలన పెద్ద రబ్బరు బంతులు. తలుపు పక్కన అచ్చు వేయించిన కాగితం ఒకటి అంటించి ఉండేది. ఇరవై వారాలు నిండాకే క్లాసులో చేరాలి అని దాని సారాంశం. ఎందుకని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర సమాధానం తయారుగా ఉండేది. "మరీ ముందు నేర్చుకుంటే అసలు సమయానికి మర్చిపోతారు. మరీ ఆలస్యం చేస్తే ఒంటికి పట్టదు. ఇరవైకీ ముప్పైకీ మధ్య మొదలుపెడితే సరిగ్గా కుదురుతుంది."

వినడానికి ఎంత బాగుందో చూడండి. అందులో సగం నిజం కూడా ఉంది. ఆలస్యం గురించి చెప్పినది నిజం. మర్చిపోతారన్నది పచ్చి అబద్ధం. రోజూ చేసే పనిని ఎవరు మర్చిపోతారు? కానీ ఏళ్ల తరబడి అదే మాట వెన్న గొంతుతో చెప్పీ చెప్పీ ఆమే నమ్మడం మొదలుపెట్టింది.

అసలు సంగతి ఇది. క్లాసు పెట్టిన మొదటి ఏడాది పదో వారంలోనే ఒకామె చేరింది. పదమూడో వారంలో ఆమెకి కడుపు పోయింది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత మూడు శనివారాలు యథాప్రకారం వచ్చి, తన చాప మీద పడుకుని, ఖాళీ కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని అందరితో పాటు ఊపిరి తీసింది. నాలుగో శనివారం పక్క చాప ఆమె మాటవరసకి "మీకు కదలికలు తెలుస్తున్నాయా?" అని అడిగింది. అంతే, ఆమె గొల్లుమంది. ఆ ఏడుపుకి గదిలోని కడుపులన్నీ వణికాయి. తర్వాతి వారం ఏడు జంటల్లో నాలుగు రాలేదు. ఆమె కూడా మళ్లీ రాలేదు. నెమ్మది టీచర్ ఆ వారమే కాగితం అచ్చు వేయించింది. అటువంటి దుఃఖం ఇంకోసారి తన గది మెట్లెక్కకూడదనేదే ఆ నియమం వెనకున్న సంగతంతా. ఈ మాట ఆమె భర్తతో కూడా అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరుకుంది.

కళ్లజోళ్ల అమ్మాయి మొదటిసారి వచ్చింది తొమ్మిదో వారంలో. వీధి అవతల కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. వెంట భర్త కూడా వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతులకి గ్రీజు ఉందని దేన్నీ ముట్టుకోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎన్నో వారమమ్మా?"

"తొమ్మిదో వారమండి."

నెమ్మది టీచర్ ముచ్చటగా నవ్వింది. "అప్పుడేనా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే మీ తొందర!"

మెకానిక్ ముఖం మాడిపోయింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వింది. రోజంతా కౌంటరు దగ్గర రకరకాల మనుషుల హాస్యాలకి నవ్వే అలవాటు ఆమెది.

"ముందే మొదలుపెడితే ఏమవుతుందండీ?"

"మర్చిపోతారమ్మా."

"నేను మర్చిపోనండి. చేసిన పనే రోజుకి వందసార్లు చెయ్యడం నాకలవాటు. అద్దం అంచు ఒక్కసారికి రాదు కదా."

"ఇరవై నిండనివ్వండి. మీ చాప మీకోసమే ఉంచుతాను," అంది నెమ్మది టీచర్. వాళ్లు మెట్లు దిగిపోయారు.

రెండోసారి పదిహేనో వారంలో, భోజనాల వేళ ఒంటరిగా వచ్చింది. దిండ్లకి గలీబులు తొడుగుతున్న నెమ్మది టీచర్ ఎదురుగా కూర్చుని, అడక్కుండానే తనూ ఒక దిండు తీసుకుని గలీబు తొడగడం మొదలుపెట్టింది. దిండు మీద నుంచి చూపు ఎత్తకుండా చెప్పింది.

"ఇంతకుముందు రెండు పోయాయండి. ఒకటి పదహారో వారంలో, ఒకటి పద్దెనిమిదో వారంలో."

నెమ్మది టీచర్ చేతిలోని దిండు పక్కన పెట్టింది.

"చిన్నది కదా, పోవడం కూడా చిన్నగానే ఉంటుందనుకున్నా. అది కూడా ప్రసవమేనని నాకెవరూ చెప్పలేదు. భయమేసింది. అరిచాను, కొట్టుకున్నాను. మనిషి ఆగడం లేదని మత్తిచ్చారు. రెండోసారీ అంతే. లేచేసరికి పక్కన ఏమీ లేదు, తీసుకెళ్లిపోయారు. ఆ రెండోది కాసేపు బతికిందట. ఆయా ఎవరితోనో అంటుంటే విన్నాను." గలీబు మూలలు సరిగ్గా దిండు మూలల్లోకి దూర్చింది. "నేను తప్ప అందరూ చూశారు దాన్ని."

బయట ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఈసారి గర్భసంచి మూతికి కుట్టు వేశారు. ఆగుతుందంటున్నారు. ఆగితే సంతోషం, అప్పుడు మీ క్లాసుకి అందరితో పాటే వస్తా. ఆగకపోతే మాత్రం నేను మెలకువగా ఉండాలండి. కదలకుండా ఉండాలి, మత్తివ్వకుండా ఉండేంత. ఒక్కసారి చూడాలి. అంతవరకు నేర్పండి చాలు."

ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా ఏం అడుగుతారు? నెమ్మది టీచర్ లేచి చాప పరిచి ఉంటే, ఈ కథ నేను చెప్పే పనే ఉండేది కాదు. కానీ ఆమె కళ్లకి ఖాళీ కడుపు మీద చేతులు పెట్టుకుని పడుకున్న ఆ పాత మనిషి కనిపించింది. ఏడు జంటలు కనిపించాయి. గొంతు దానంతటదే వెన్న అయిపోయింది.

"అలాంటి మాటలు అనకూడదమ్మా. మనం ఏది అనుకుంటే ఒళ్లు అదే వింటుంది. ఈసారి మంచే జరుగుతుంది. చూడండి, మీకు ఇరవై నిండిన ఆ శనివారమే కొత్త బ్యాచ్ మొదలవుతోంది. మీ పేరు రాసేస్తున్నా." చిన్న చీటీ మీద తేదీ రాసి ఆమె చేతిలో పెట్టింది.

"నాకు ఇరవయ్యో వారం ఎప్పుడూ రాలేదండి."

"ఈసారి వస్తుంది."

ఆ అమ్మాయి నమ్మింది. ఆ గొంతు అలాంటిది మరి. అందరూ ఆమెతో అప్పుడే ఎవరికీ చెప్పకు, అప్పుడే ఏమీ కొనకు, అప్పుడే ఆశపడకు అన్నవాళ్లే. ముందున్న రోజు ఒకదాన్ని కాగితం మీద రాసి ఇచ్చిన మొదటి మనిషి ఈమె. చీటీని రెండు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకుని వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగాక నెమ్మది టీచర్‌కి తట్టింది. అందరితో కాకపోతే ఒక్కదానికే చెప్పొచ్చుగా? మంగళవారమో, బుధవారమో, భోజనాల వేళ ఒక గంట. ఎవరు చూస్తారు, ఎవరు భయపడతారు? కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి రోడ్డు దాటడానికి అంచున నిలబడి ఉంది, కేకేస్తే వినపడేంత దూరంలో. పిలుద్దామని నోరు తెరిచింది. ఈలోగా కింది నుంచి ఫిజియోథెరపీ డాక్టరు ఏదో తాళంచెవి కోసం అరిచాడు. ఆమె వెనక్కి తిరిగింది. తాళంచెవి ఇచ్చి వచ్చేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపుని అలా నాలుగు వారాలు నెట్టుకొచ్చింది.

సోమవారం పొద్దున పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"మేడం, నేనండి, లిఫ్టు మెకానిక్‌ని. కళ్లజోళ్ల షాపు అమ్మాయి భర్తని." "ఉమ్మనీరు పోయిందండి. ఆగదంటున్నారు. కుట్టు తీసేశారు. ఆమె మిమ్మల్ని రమ్మంటోంది."

"నేనా? నేను డాక్టర్ని కాను కదా బాబూ, నేనొచ్చి ఏం…"

"తెలుసండి. ఐదు రోజులు తక్కువైంది, ఏమనుకోకుండా ఇవాళ నేర్పుతారేమో అడగమంది."

నెమ్మది టీచర్ వస్తున్నానని చెప్పి, క్లాసు ఫైలు సంచీలో వేసుకుంది. ఏమనుకోకుండా! తప్పు తనదైనట్టు, ఇరవై నిండించుకోలేకపోయినందుకు క్షమించమన్నట్టు అడిగిస్తోంది ఆ పిల్ల.

ఆమె భర్త పొద్దుటి ట్రిప్పు ముగించి ఖాళీ బస్సుతో ఇంటి ముందు ఆగాడు. ఆమె ఎక్కి కూర్చుంది. దారిలో, ఏళ్లుగా దాచిన సంగతంతా కక్కేసింది. పదమూడో వారం ఆమె గురించి, కాగితం గురించి, కిటికీ దగ్గర తెరిచి మూసుకున్న నోటి గురించి. అతను ఏదో ఒక వెటకారం ఆడతాడని, ఆడితే తను అరవొచ్చని ఎదురుచూసింది. అతను ఆసుపత్రి గేటు దగ్గర బ్రేకు వేసి, "వెళ్లు, వెళ్లు," అన్నాడు.

నాలుగో అంతస్తులో, వరండా చివర గది. ప్రసవాల వార్డుకి దూరంగా వేశామని చెప్పారు గానీ పసిపిల్లల ఏడుపులు అక్కడికీ వినపడుతూనే ఉన్నాయి. కళ్లజోళ్ల అమ్మాయి మంచం మీద ఒక పక్కకి తిరిగి, కడ్డీ పట్టుకుని ఉంది. నెమ్మది టీచర్‌ని చూడగానే లేవబోయింది.

"పడుకో తల్లీ," అంది నర్సు. పెద్దావిడ. చేతులు పనిచేస్తూనే ఉన్నాయి. డాక్టరమ్మ నెమ్మది టీచర్‌ని గుమ్మం దగ్గరికి పిలిచి సంగతి చెప్పింది. "రక్తం ఎక్కువగా పోయే ప్రమాదముంది. తను కదలకుండా ఉంటే మెలకువగానే ఉంచుతాను, మాటిస్తున్నా. కొట్టుకుంటే మాత్రం మత్తివ్వక తప్పదు. మీ వల్ల అవుతుందా?"

"ఎంత టైముంది?"

"రెండు గంటలు ఉండొచ్చు."

పది వారాల చదువుకి రెండు గంటలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ అమ్మాయి దవడ మీద వేలు పెట్టి, ఇక్కడ వదులు చెయ్యి అంది. నుదురు. భుజం. గుప్పిలి. నాలుగు లెక్కపెట్టి లోపలికి, ఎనిమిది లెక్కపెట్టి బయటికి. అవతలి వైపు మెకానిక్ కూడా లెక్కపెట్టాడు. అంతస్తులు లెక్కపెట్టినట్టు పెట్టాడు, ఒక్కో అంకె దగ్గరా కాస్త ఆగి. ఆ లెక్క ఆ అమ్మాయికి నచ్చింది. ఇంత త్వరగా పట్టుకునే శిష్యురాలు నెమ్మది టీచర్‌కి ఎన్నడూ దొరకలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఒక గంట గడిచేసరికి కడ్డీ వదిలేసింది.

"నొప్పి అనొచ్చాండీ?" అని అడిగింది మధ్యలో. "మీ క్లాసులో అనకూడదట కదా."

"అను తల్లీ. నీ ఇష్టమొచ్చినట్టు అను."

"చాలా నొప్పిగా ఉంది," అంది ఆ అమ్మాయి, పద్ధతిగా.

నెమ్మది టీచర్ సంచీలోంచి ఫైలు తీసి, క్లాసులో చదివే పాఠం చదవడం మొదలుపెట్టింది. బిడ్డ మాట వచ్చిన చోటల్లా గెంతేసి చదివింది. రెండు పేజీలు తిరిగాక ఆ అమ్మాయి కళ్లు తెరిచింది.

"వదిలేస్తున్నారు."

"ఏం వదిలేశాను?"

"మధ్యలో ఏవో వదిలేస్తున్నారు, వాక్యాలు అతకడం లేదు. అందరికీ చదివేదే నాకూ చదవండి. నాకూ బిడ్డే కదండీ."

నెమ్మది టీచర్ పేజీలు వెనక్కి తిప్పింది. "మీ బిడ్డా, మీరూ కలిసి ఈ పని చేస్తున్నారు," అని చదివింది. "ప్రతి అల మీ బిడ్డని మీకు ఇంకాస్త దగ్గరగా తెస్తోంది. కాసేపట్లో మీ బిడ్డ ముఖం చూస్తారు." అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ అమ్మాయి తల ఊపుతూ వింది.

రెండు గంటలు కావస్తుండగా అంతా ఒక్కసారిగా వచ్చిపడింది. నెమ్మది టీచర్ ముందుగా ఆ అమ్మాయి దవడని చూసింది. అది బిగుసుకుంది. ఆ అమ్మాయి బుర్ర అంతా నేర్చుకుంది గానీ ఒంటికి ఇంకా తెలియదు. ఒంటికి తెలిసింది వెనకటి రెండుసార్లే. ఆ రెండుసార్ల భయమూ లేచి కూర్చుంది.

"ఊపిరి రావట్లేదు! ఎక్కడ పోయింది? అండీ, నాకు రావట్లేదు!"

"వస్తుంది. నన్ను చూడు. నెమ్మదిగా. నాలుగు…"

నడుము పైకి లేచింది. దుప్పటి ఎర్రబడింది. నర్సు ఒక కాలు అదిమి పట్టుకుంది. డాక్టరమ్మ మెకానిక్ చేతిలో చీటీ పెట్టి కింది అంతస్తుకి రక్తం కోసం పరుగెత్తమంది. లిఫ్టు ఎక్కడో ఆగిపోయి ఉంటే అతను నాలుగంతస్తులూ మెట్ల మీద దూకుతూ దిగాడు.

"కదలకమ్మా! కదిలితే ఆపలేను!"

"కదలను, కదలనండీ, మత్తొద్దు! మత్తొద్దు! నేను చూడాలి!" అంటూనే ఆ అమ్మాయి కొట్టుకుంటోంది. తను కదులుతున్న సంగతి తనకే తెలియడం లేదు.

"నెమ్మదిగా, తల్లీ, నెమ్మదిగా," అంటూనే ఉంది నెమ్మది టీచర్. ఊరందరినీ నిద్రపుచ్చిన ఆ గొంతు ఒక్క పిల్లని మేలుకొని ఉండనివ్వలేకపోయింది. డాక్టరమ్మ ఇంకో నిమిషం చూసింది, తర్వాత సూది వేసింది. ఆ అమ్మాయి కళ్లు నెమ్మది టీచర్ ముఖం మీదే నిలబడి, అలాగే మూతపడ్డాయి.

నాలుగు నిమిషాలకి బిడ్డ పుట్టింది.

నర్సుకి రెండు చేతులూ తల్లి దగ్గరే కావాలి. చేతిలో ఉన్నదాన్ని గుడ్డలో పెట్టి నెమ్మది టీచర్‌కి అందించింది. "పట్టుకోండి. గుండె కొట్టుకుంటోంది. ఎక్కువసేపు ఉండదు."

నెమ్మది టీచర్ పట్టుకుంది. ఏం చెయ్యాలో తెలియక తల్లి తల దగ్గరికి వెళ్లి, ఆ గుడ్డని ఆమె చెంపకి ఆనించింది. "లే తల్లీ, ఒక్కసారి కళ్లు తెరువు! ఇదిగో, చూడు, లే!" అని అరిచింది. భర్త కారమనే గొంతు అది, ఇంటి బయట ఎవరూ ఎన్నడూ విననిది. డాక్టరమ్మ తలెత్తి చూసి, తన పని తను చేసుకుంది. ఆ అమ్మాయి లేవలేదు. గోడ గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి. తర్వాత నర్సు వచ్చి స్టెతస్కోపు ఆనించి, గడియారం వైపు చూసి కాగితం మీద టైము రాసింది. మెకానిక్ రక్తం సంచీలు గుండెలకి హత్తుకుని, రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది అప్పుడే.

నాలుగు గంటలకి ఆ అమ్మాయికి మెలకువ వచ్చింది. రక్తం ఆగింది, ప్రాణానికి భయం లేదన్నారు. ఈసారి ఎవరూ ఏమీ తీసుకెళ్లలేదు. నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. ఆమె చాలాసేపు చూసింది. ఏడవలేదు. చల్లగా ఉంది అంది. మెకానిక్ మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు.

"బతికిందా?" నెమ్మది టీచర్ వైపు తిరిగి అడిగింది.

"పదకొండు నిమిషాలు."

మెకానిక్ మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. అతని వీపు కదలడం మొదలైంది. ఆ అమ్మాయి ఒక చెయ్యి కిందికి జార్చి అతని జుట్టు మీద వేసింది.

"తొమ్మిదో వారంలో మొదలుపెట్టి ఉంటే, నేను మెలకువగా ఉండేదాన్నా అండీ?"

నెమ్మది టీచర్ దగ్గర ఇటువంటి వాటికి వంద మెత్తటి జవాబులున్నాయి. అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఎవరు చెప్పగలరమ్మా అనొచ్చు. నువ్వు చేయగలిగిందంతా చేశావు అనొచ్చు.

"ఉండేదానివి," అంది. "ముందే నేర్చుకుంటే మర్చిపోతారన్నది అబద్ధం. నీలాంటివాళ్లు మధ్యలో ఉంటే మిగతావాళ్లు బెదిరిపోతారని పెట్టిన రూలు అది. నా క్లాసు పాడవుతుందని. నువ్వు అడిగింది నాకు అర్థమైంది. అర్థమై కూడా నీకు తేదీ రాసిచ్చి పంపాను. నువ్వు రెండు గంటల్లోనే అంత నేర్చుకున్నావు. పది వారాలుంటే కదిలేదానివి కాదు."

గదిలో మెకానిక్ ఏడుపు ఆగిపోయింది. తల ఎత్తలేదు.

"వెళ్లిపోండి," అంది ఆ అమ్మాయి.

నెమ్మది టీచర్ లేచింది. ఫైలు సంచీలో పెట్టుకుంది. చెయ్యి తలుపు పిడి మీద పడేంతలో వెనకనుంచి పిలుపొచ్చింది.

"ఆగండి. బతికుండగా దాన్ని చూసింది ఎవరెవరు?"

"నర్సమ్మ ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత నేనొక్కదాన్నే."

ఆ అమ్మాయి కళ్లు మూసుకుంది. తను ద్వేషించాల్సిన మనిషి దగ్గర తప్ప ఇంకెక్కడా బతికున్న తన బిడ్డ లేదు. ఆ సంగతి ఆమెకీ అర్థమైంది, గుమ్మంలో నిలబడ్డావిడకీ అర్థమైంది.

"కూర్చోండి," అంది చివరికి. "చెప్పండి. మీ క్లాసు గొంతుతో చెప్పొద్దు. ఉన్నదున్నట్టు చెప్పండి."

నెమ్మది టీచర్ కూర్చుని చెప్పింది. ఆడపిల్ల. నా అరచేతినుంచి మణికట్టు దాటి కాస్త దూరం వచ్చింది. ఎర్రగా ఉంది, చర్మం ఎంత పల్చనంటే లోపల గుండె కొట్టుకోవడం పైకి కనిపించింది. కళ్లు ఇంకా విడలేదు. నోరు రెండుసార్లు తెరిచింది, శబ్దం రాలేదు. నీ చెంపకి ఆనించినప్పుడు కాలు ఒకటి ముడుచుకుంది. తర్వాత చెయ్యి విప్పింది, ఐదు వేళ్లూ. నీ చెవి కింద పెట్టింది. నేను దాన్ని పక్కకి తీసేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది. ఏడవలేదు. బాధపడినట్టు నాకనిపించలేదు. నేను అరిచాను, నిన్ను లేపడానికి. దానికి వినపడిందో లేదో తెలీదు.

మెకానిక్ నేల మీదనుంచి లేచి మంచం అంచున కూర్చున్నాడు.

"మళ్లీ చెప్పండి," అంది ఆ అమ్మాయి.

ఆమె మళ్లీ మొదట్నించి చెప్పింది. చెయ్యి విప్పిన చోటికి రాగానే ఆ అమ్మాయి ఆపింది.

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

ఆ అమ్మాయి తన చెవి కింద ఒకసారి తడుముకుంది. తర్వాత గుడ్డ మడత విప్పి, బిడ్డ కుడి చెయ్యి ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టింది.